నియమం ముందా, ఫ్యాక్టరీ ముందా?

మొన్న చలికాలంలో ఒక శుక్రవారం రాత్రి. మా ప్రాజెక్టు రిలీజు. టైము ఒంటిగంటన్నర దాటింది. మియాపూర్లో మాది ఎనిమిదో అంతస్తు ఫ్లాటు. బిల్డు పూర్తవడానికి ఇంకో పావుగంట పట్టేట్టుంది, ఈలోపు కాస్త గాలి పీల్చుకుందామని బాల్కనీలోకొచ్చా. పీల్చుకున్నా. కుళ్ళిన కోడిగుడ్లకీ, నెయిల్ పాలిష్‌కీ మధ్యలో ఎక్కడో ఉంటుంది ఆ వాసన. గబగబా తలుపు మూసేసి లోపలికొస్తే, పక్కగదిలో మా పాప నిద్దట్లోనే దగ్గుతోంది.

ఇందులో పెద్ద విశేషమేం లేదు లెండి. మియాపూర్, బాచుపల్లి, నిజాంపేట వైపు కాపురముండే వాళ్ళందరికీ ఈ వాసన పాత చుట్టమే. పగలు రాదు. అర్ధరాత్రి దాటాకే వస్తుంది, చలికాలంలో మరీను. బొల్లారం పారిశ్రామికవాడ మా బాల్కనీకి పది కిలోమీటర్లలోపే.

విశేషం ఎక్కడుందంటే, ఆ రాత్రి మేం రిలీజు చేస్తున్న సరుకులో ఉంది. యూరప్‌లో ఒక రంగుల కంపెనీ మా క్లయింటు. వాళ్ళు కొనే, కలిపే, అమ్మే ప్రతి రసాయనం అక్కడి చట్టాలకు లోబడి ఉందో లేదో చూసే సాఫ్టువేరు మాది. ఏ డబ్బా మీద ఏ ప్రమాద చిహ్నం అతికించాలి, పదహారు విభాగాల సేఫ్టీ డేటా షీట్‌లో ఏ వాక్యం రావాలి, ఏ పదార్థం ఎన్ని టన్నులు దాటితే ఎవరికి చెప్పుకోవాలి... ఇదంతా హైటెక్ సిటీలో కూర్చుని మనవాళ్ళు రాసిన కోడు. అంటే ఎక్కడో రైన్ నది ఒడ్డున పిల్లలు శుభ్రమైన గాలి పీల్చడానికి నేను రాత్రంతా మేలుకుంటున్నా. నా బాల్కనీ తలుపు మాత్రం మూసే ఉంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మా సాఫ్టువేరుకి మూలం రీచ్ అనే చట్టం. 2007 జూన్ 1 నుంచి యూరోపియన్ యూనియన్లో అమల్లోకొచ్చింది. ఏడాదికి ఒక టన్నుకి మించి ఏ రసాయనం తయారుచేసినా, దిగుమతి చేసుకున్నా, దాని గుణగణాల వివరాలు కంపెనీయే సమర్పించి రిజిస్టరు చేయించుకోవాలి. డేటా లేకపోతే మార్కెట్టే లేదు పొమ్మంటుంది. "ఇది ప్రమాదకరం" అని ప్రభుత్వం నిరూపించక్కర్లేదు. "ఇదిగో దీని సంగతులివీ, ఇలా వాడితే ఫరవాలేదు" అని చూపించుకోవాల్సిన బాధ్యత తయారీదారుడిదే.

ఆదివారం మా బాబాయి ఇంటికొచ్చినప్పుడు ఈ మాటే చెప్పి, "మన దగ్గర ఇలాంటి చట్టాలు ఎప్పుడొస్తాయో ఏమిటో బాబాయ్!" అని నిట్టూర్చా. ఆయన ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి, 1988లో బొల్లారంలో ఒక చిన్న బల్క్ డ్రగ్ కంపెనీలో కెమిస్టుగా చేరి, అక్కడక్కడే నాలుగైదు కంపెనీలు మారి రిటైరైన మనిషి. కాఫీ గ్లాసు కింద పెట్టి, "ఒరేయ్, చట్టాలకేం లోటురా? బీరువా నిండా ఉన్నాయి. ఏ చట్టం ఉందీ అని కాదు, ఎప్పుడొచ్చిందీ అని అడుగు. ఫ్యాక్టరీకి ముందొచ్చిందా, తరవాతొచ్చిందా? అసలు కథంతా అక్కడుంది" అన్నాడు.

ఆ మాట పట్టుకుని కొన్ని వారాలు తవ్వాను. తవ్వితే తేలిందేమిటంటే, మన ఐటీ కారిడార్‌కి రెండు పక్కలా ఈ ప్రశ్నకి రెండు వేర్వేరు జవాబులున్నాయి. వాయవ్యాన పటాన్‌చెరు. నైరుతిన గండిపేట. మైండ్‌స్పేస్ దగ్గర్నించి రెండూ పాతిక కిలోమీటర్లలోపే. ఒకచోట ఫ్యాక్టరీలు ముందొచ్చాయి, నియమాలు తర్వాతొచ్చాయి. రెండోచోట నియమమే ముందుంది.

ముందు పటాన్‌చెరు సంగతి చూద్దాం.

హైదరాబాద్ మందుల రాజధాని ఎలా అయిందో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. 1961లో ఐడీపీఎల్ ఏర్పడింది. సోవియట్ సాయంతో బాలానగర్లో దాని ఫ్యాక్టరీ లేచింది. కొన్ని వందలమంది కెమిస్టులకి, ఇంజనీర్లకి అది బడి. తర్వాత డాక్టర్ రెడ్డీస్ పెట్టిన అంజిరెడ్డి గారు కూడా ఆ బళ్ళో చదువుకున్నవారే. ఇంకోపక్క 1970లో చేసిన పేటెంట్ల చట్టం 1972లో అమల్లోకొచ్చింది. దాని ప్రకారం అప్పట్లో మందు మీద పేటెంటు ఉండేది కాదు, దాన్ని తయారుచేసే పద్ధతి మీదే ఉండేది. వేరే దారిలో అదే మందు చెయ్యగలిగినవాళ్ళు చేసుకునేవాళ్ళన్నమాట. వేరే దారి కనిపెట్టే బుర్రలు ఐడీపీఎల్ నిండా ఉన్నాయి. ఆ బుర్రలు బయటికొచ్చి సొంత కంపెనీలు పెట్టడం మొదలెట్టాయి.

వాటికి చోటు కావాలి కదా. మెదక్ జిల్లా వెనకబడిన ప్రాంతం, అక్కడ పరిశ్రమ పెడితే రాయితీలొచ్చేవి. బొంబాయి హైవే పక్కనే. నగరానికి దగ్గర. అలా 1970లు, 80లలో పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, కాజీపల్లి, గడ్డపోతారం ఫ్యాక్టరీలతో నిండిపోయాయి. తమాషా ఏమిటంటే, మెట్టపంటల మీద పరిశోధన చేసే అంతర్జాతీయ సంస్థ ఇక్రిశాట్ కూడా 1972లో ఆ పటాన్‌చెరులోనే పుట్టింది. నేల బాగుచేసే విద్య, నేల పాడుచేసే విద్య ఒకే ఊళ్ళో పెరిగాయి.

ఇక్కడ కాస్త కెమిస్ట్రీ చెప్పుకోవాలి, భయపడకండి :) బల్క్ డ్రగ్ అంటే మాత్రలోకి వెళ్ళే అసలు మందు. ఐదారు మెట్లలో తయారవుతుంది. ప్రతి మెట్టులోనూ సాల్వెంట్లు, యాసిడ్లు, క్షారాలు పోస్తారు, చివరికి మనక్కావలసింది కొంచెమే మిగులుతుంది. రోజర్ షెల్డన్ అనే రసాయన శాస్త్రవేత్త 1992లో ఒక లెక్క వేశాడు. పెట్రోలు శుద్ధి చేసేచోట ఒక కిలో సరుక్కి వందగ్రాముల వ్యర్థం కూడా రాదు. మందుల పరిశ్రమలో కిలో సరుక్కి 25 నుంచి 100 కిలోలదాకా వస్తుంది. ఈ వ్యర్థమంతా ఎక్కడికి పోవాలి? ఈ ప్రశ్నకి జవాబు దొరక్కముందే రియాక్టర్లు తిరగడం మొదలయ్యాయి.

చట్టాల తేదీలు ఒక్కసారి వరసగా చూడండి. నీటి కాలుష్య చట్టం 1974. గాలి చట్టం 1981. 1984 డిసెంబరులో భోపాల్. ఆ దెబ్బకి 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం, 1987లో ఫ్యాక్టరీల చట్టానికి సవరణ, 1989లో రెండు రకాల నియమాలు: ప్రమాదకర వ్యర్థాల మీద ఒకటి, ప్రమాదకర రసాయనాల తయారీ, నిల్వ, దిగుమతుల మీద ఇంకొకటి. ఈ రెండోదే మనకి రీచ్‌కి దూరపు బంధువు. పెద్ద జాబితా ఉంటుంది. ఏ రసాయనం ఎంత పరిమాణం దాటి నిల్వ చేస్తే ఏం చెయ్యాలో చెబుతుంది. స్థలం గురించి మూడు నెలల ముందే తెలియజెయ్యాలి, ప్రమాదం జరిగితే ఏం చేస్తారో ప్లాను రాసివ్వాలి వగైరా. కాగితం మీద చూస్తే ఏ దేశానికీ తీసిపోదు.

కానీ మా బాబాయి బొల్లారంలో చేరింది 1988లో. అప్పటికే ఆయన కంపెనీ రియాక్టర్లు రెండేళ్ళుగా నడుస్తున్నాయి. మూడు నెలల ముందే చెప్పమన్న నియమం, మూడేళ్ళుగా నడుస్తున్న ఫ్యాక్టరీ గేటు దగ్గరకొచ్చి ఏం చేస్తుంది? గడువిస్తుంది. మళ్ళీ గడువిస్తుంది.

ఇంకో ఉదాహరణ చూడండి. ప్రమాదకర వ్యర్థాన్ని అనుమతి ఉన్నచోటే పారెయ్యాలని 1989 నియమం. బాగుంది. ఆ అనుమతి ఉన్నచోటు ఏదీ? దుండిగల్ దగ్గర పద్ధతిగా కట్టిన డంపింగ్ కేంద్రం మొదలైంది 2001లో. మధ్యలో పన్నెండేళ్ళు! ఎర్రరు మెసేజి 1989లో వచ్చింది, దాన్ని సరిచేసే మెనూ 2001లో వచ్చింది. "మరి ఆ పన్నెండేళ్ళూ మీరేం చేశారు బాబాయ్?" అనడిగా. "డ్రమ్ముల్లో నింపి షెడ్డు వెనకాల పెట్టేవాళ్ళం. షెడ్డు నిండేది" అన్నాడు. నిండాక ఏం చేశారని అడిగితే కాసేపు కిటికీలోంచి బయటికి చూశాడు. "రాత్రిపూట ట్యాంకరొచ్చేది. ఎక్కడికి తీసుకెళ్తున్నావని మేమూ అడగలేదు, వాడూ చెప్పలేదు. నా చేత్తో గేటు పాసు రాశాన్రా" అన్నాడు. ఆ కంపెనీ పేరు ఎప్పుడో మారిపోయింది, ఇప్పుడు ఎవర్నని ప్రయోజనం లేదు. కానీ ఆయన ఆ మాట నా మొహం చూడకుండా చెప్పాడు.

ఎక్కడికి పోయిందో ఊళ్ళవాళ్ళకి తెలుసు. నక్కవాగు అని ఒక వాగుంది. పటాన్‌చెరు దగ్గర పారి మంజీరలో కలుస్తుంది. దాని కింద వరి పండేది, పశువులు నీళ్ళు తాగేవి. 1980లలో వాగు రంగు మారింది. బోర్లలో నీళ్ళు మారాయి. పటాన్‌చెరులో ప్రాక్టీసు చేసే డాక్టర్ కిషన్‌రావు గారు రోగులకి మందులు రాస్తూనే, రైతుల్ని కూడగట్టి ఈ పోరాటానికి దశాబ్దాలపాటు ముందు నిలిచారు. 1990లో విషయం సుప్రీంకోర్టుకెక్కింది. అక్కణ్ణించి హైకోర్టుకి, హైకోర్టునించి జాతీయ హరిత ట్రిబ్యునల్‌కి వెళ్ళి, 2017 అక్టోబరులో తీర్పొచ్చింది. ఇరవయ్యేడేళ్ళు. కేసు వేసిననాడు పుట్టిన పిల్లాడు ఈపాటికి మన గచ్చిబౌలిలో ఏదో కంపెనీలో టీమ్ లీడ్ అయ్యుంటాడు.

కంపెనీల వైపునించి కూడా చూడాలి కదా. చిన్న యూనిటు ఒక్కటే సొంతంగా శుద్ధి ప్లాంటు పెట్టుకోలేదు. అందుకని జీడిమెట్లలో ఒకటి, పటాన్‌చెరులో ఒకటి ఉమ్మడి శుద్ధి కేంద్రాలు పెట్టారు. అందరూ ట్యాంకర్లలో మురుగు తెచ్చి అక్కడ పోస్తారు, అది శుభ్రం చేసి వదుల్తుంది. ఆలోచన మంచిదే. ఆచరణలో ఏమైందంటే, ఒకే లాగిన్ పదిమంది వాడితే ఏమవుతుందో అదే అయింది. డేటాబేసులో టేబుల్ ఎవరు డిలీట్ చేశారంటే ఎవరని చెప్తాం? అన్ని కంపెనీల నీళ్ళూ కలిసిపోయాక అందులో విషం ఎవరిదో ఎవడికీ తెలియదు. నియమం పాటించేవాడూ పాటించనివాడూ ఒకే తొట్టిలో కలిసిపోతారు. అప్పుడు పాటించేవాడికి ఖర్చు తప్ప మిగిలేదేముంది?

2007లో స్వీడన్ పరిశోధకులు లార్సన్, ఆయన సహచరులు ఈ పటాన్‌చెరు కేంద్రం నించి శుద్ధి అయ్యి బయటికొచ్చే నీళ్ళని పరీక్షించారు. సుమారు తొంభై మందుల కంపెనీల మురుగు వచ్చే చోటది. ఆ నీళ్ళలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకి 31 మిల్లీగ్రాములదాకా ఉంది. ఆ మాత్ర వేసుకున్న మనిషి రక్తంలో ఉండేదానికన్నా ఎక్కువ! రోజుకి 45 కిలోలు అలా పోతోందని అంచనా కట్టారు. మామూలుగా మనం వేసుకునేది 500 మిల్లీగ్రాముల మాత్ర. భాగిస్తే తొంభైవేల మాత్రలు. ప్రతిరోజూ తొంభైవేల మాత్రలు వాగులో పోస్తే, ఆ నీళ్ళలో బతికే సూక్ష్మజీవులు ఆ మందుని తట్టుకోవడం నేర్చుకోకుండా ఉంటాయా? రేపు మనకి జ్వరమొచ్చి అదే మాత్ర వేసుకుంటే పనిచెయ్యకపోతే ఎవర్నడగాలి?

ఇక్కడ టెస్టింగ్ చేసేవాళ్ళకి అర్థమయ్యే ముక్క ఒకటుంది. ఆ కేంద్రం దేన్ని కొలిచి నీళ్ళు వదలాలో నియమాల్లో రాసుంది. ఆమ్లత్వం, సీఓడీ, బీఓడీ, కరిగిన ఘనపదార్థాలు ఇలా. యాంటీబయాటిక్ ఎంత ఉండొచ్చన్న లైనే అందులో లేదు. స్పెక్‌లో లేనిదానికి టెస్ట్ కేస్ ఉండదు, టెస్ట్ కేస్ లేనిది ఫెయిలవదు. 2020 జనవరిలో కేంద్రం ఆ లైను చేరుస్తూ ముసాయిదా విడుదల చేసింది. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ పరిమితులు మాయమయ్యాయి. 2024 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ యాంటీబయాటిక్ తయారీ మురుగు మీద మొదటిసారి మార్గదర్శకాలిచ్చింది. లార్సన్ కొలిచిన పదిహేడేళ్ళకి.

సరే, ఇదంతా ఫ్యాక్టరీ ముందొచ్చిన కథ. ఇప్పుడు గండిపేట వైపు వెళ్దాం.

1908లో మూసీ వరద హైదరాబాద్‌ని ముంచేసింది. విశ్వేశ్వరయ్య గారి సలహాతో వరదని పైనే ఆపడానికి రెండు జలాశయాలు కట్టారు. 1920లో ఉస్మాన్‌సాగర్, అంటే మన గండిపేట. 1927లో హిమాయత్‌సాగర్. వరద ఆపడానికి కట్టినవే తరాలపాటు నగరానికి తాగునీరిచ్చాయి. గండిపేట నీళ్ళు తాగిన హైదరాబాదీ ఊరు వదిలిపోడని సామెతలాగా అంటారు కూడా.

1990లలో నగరం ఆ వైపు పాకడం మొదలెట్టింది. 1994లో ఒకటి, 1996 మార్చి 8న ఇంకొకటి ప్రభుత్వ ఉత్తర్వులొచ్చాయి. రెండోదే మన ప్లాట్ల బ్రోకర్లందరి నోళ్ళలో నానే జీవో 111. జలాశయాల చుట్టూ పది కిలోమీటర్లలోపు కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్ళు, కాలనీలు కూడదు. 84 గ్రామాలు, లక్షా ముప్పైరెండువేల ఎకరాలు దాని కిందకొచ్చాయి.

ఆ సమయంలోనే సురానా ఆయిల్స్ అండ్ డెరివేటివ్స్ అనే కంపెనీ శంషాబాద్ మండలం పెద్దషాపూర్లో 1995లో పన్నెండెకరాలు కొంది. ఆముదం నూనెనుంచి రకరకాల ఉత్పత్తులు తయారుచేసే ఫ్యాక్టరీ. ఆముదమే కదా అనుకోకండి. దాన్ని మార్చడానికి నికెల్ ఉత్ప్రేరకం వాడతారు, సల్ఫ్యూరిక్ యాసిడ్ వాడతారు. ఆ మిగులు నేలలోకి దిగితే చెరువు చేరుతుందని కాలుష్య నియంత్రణ మండలి భయం. 1997 జూలైలో అనుమతి లేదు పొమ్మంది. సరిగ్గా అదే నెలలో రాష్ట్ర ప్రభుత్వం ఈ ఒక్క కంపెనీకి పది కిలోమీటర్ల నియమంనుంచి మినహాయింపిస్తూ జీవో ఇచ్చింది. ఒక చెయ్యి తలుపు మూస్తుంటే ఇంకో చెయ్యి కిటికీ తీసింది. అప్పటికే కంపెనీ కట్టడాలు పూర్తిచేసింది. అప్పీలులో గెలిచింది, హైకోర్టులోనూ గెలిచింది. మండలి సుప్రీంకోర్టుకెళ్ళింది.

1999 జనవరి 27న తీర్పు. రాసింది మన తెలుగాయన, జస్టిస్ ఎం. జగన్నాథరావు గారు. అంతకు రెండు నెలల ముందే, 1998 నవంబరులో, వాజ్‌పేయి గారు మాదాపూర్లో సైబర్ టవర్స్ ప్రారంభించారు. మన వృత్తికి గృహప్రవేశం అయిన ఆ రోజుల్లోనే మన మంచినీళ్ళ భవిష్యత్తు ఢిల్లీలో తేలుతోందన్నమాట. మనలో ఎంతమందికి ఆ సంగతి తెలుసు? నాకైతే మొన్నటిదాకా తెలియదు.

ఆ తీర్పులో చిక్కేమిటంటే, ఒక నిపుణుడు ప్రమాదం లేదంటాడు, ఇంకో పక్క ప్రమాదముందంటారు. జడ్జీలు కెమిస్టులు కారు. అలాంటప్పుడు ఎటు మొగ్గాలి? విజ్ఞానశాస్త్రం ఖాయంగా చెప్పలేనిచోట జాగ్రత్త వైపే మొగ్గాలి అన్నారాయన. హాని జరుగుతుందని ఫిర్యాదు చేసినవాడు నిరూపించక్కర్లేదు, హాని జరగదని పరిశ్రమ పెట్టేవాడే చూపించుకోవాలి. 1996లో వేలూరు తోళ్ళ పరిశ్రమల కేసులో కోర్టు ముట్టుకున్న సూత్రమే ఇది. ఈ కేసులో దాన్ని విప్పి వివరించారు. మరింత పరిశీలన చేయించాక 2000 డిసెంబరు 1న తుది తీర్పొచ్చింది. మండలి కాదనడమే సరైనది, లక్షలమంది తాగే నీళ్ళ విషయంలో ఒక్కడికి మినహాయింపిచ్చే హక్కు ప్రభుత్వానికి లేదు అని.

రీచ్ 2007లో ఏం చెప్పిందో ఇంకోసారి గుర్తుచేసుకోండి. చూపించుకోవాల్సిన బాధ్యత తయారీదారుడిదే. నేనేమో ఆ తెలివి యూరప్‌నించి మనం దిగుమతి చేసుకోవాలనుకున్నా. ఎనిమిదేళ్ళ ముందే, నా ఆఫీసుకి కూతవేటు దూరంలోని చెరువు కోసం, ఒక తెలుగు జడ్జీ అదే రాసిపెట్టాడు.

ఈ రెండు కథలూ బాబాయికి చెప్పి, "మీ కంపెనీలవాళ్ళకి ఏది నయం?" అనడిగా. నాకు తెలిసిన సమాధానమే వస్తుందనుకున్నా, రాలేదు. "పెద్దషాపూర్ వాడికి పన్నెండెకరాలూ, కట్టిన గోడలూ పోయాయి. నష్టమే. కానీ ఒక్కసారి పోయింది, తేలిపోయింది. మా వాళ్ళకి ముప్పయ్యేళ్ళు రోజూ పోయింది. ఇవాళ మూసెయ్యమంటారు, రేపు తెరవమంటారు. 2010లో బాగా పాడైన ప్రాంతాలని దేశంలో 43 చోట్ల విస్తరణ ఆపేస్తే అందులో పటాన్‌చెరు-బొల్లారం కూడా ఉంది. ఆర్డరు చేతిలో పెట్టుకుని కొత్త బ్లాకు కట్టలేక కూర్చున్న వాళ్ళున్నార్రా. పెద్ద కంపెనీ తట్టుకుంటుంది, అమెరికావాడు ఆడిటుకొస్తాడని అన్నీ పెట్టుకుంటుంది. చిన్నవాడు మాత్రం లాయరుకిచ్చుకుంటాడు, లేకపోతే ట్యాంకరువాడికిచ్చుకుంటాడు. మొదటిరోజే ఇక్కడొద్దని చెప్పుంటే ఇంకోచోటికి పోయేవాళ్ళం" అన్నాడు.

మనకిది కొత్త పాఠం కాదు. డిజైన్‌లో దొరికిన బగ్గు ఒక పూట ఖర్చు. ప్రొడక్షన్‌లో దొరికితే ఆర్నెల్ల ఖర్చు, పైగా కస్టమరు తిట్లు. నియమం ముందొస్తే కంపెనీకి ఒక దరఖాస్తు పోతుంది. తర్వాతొస్తే కంపెనీకి డబ్బూ, ఊరికి వాగూ పోతాయి. నియమాలు పరిశ్రమని చంపుతాయనేవాళ్ళు ఎక్కువగా చూసింది ఆలస్యంగా వచ్చిన నియమాలనే.

అలాగని నియమం ముందొస్తే చాలు, కథ కంచికి అనుకోకండి. 2020 మే 7న విశాఖలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది పోయారు. స్టైరీన్ గురించి నియమాలు లేక కాదు. సరైన పర్యావరణ అనుమతి తమకు లేదని 2019లో ఆ కంపెనీయే అఫిడవిట్ రాసిచ్చింది. కాగితం ఫైల్లో ఉంది, ప్లాంటు నడుస్తోంది. 2025 జూన్ 30న మన పాశమైలారంలో సిగాచీ ఫ్యాక్టరీలో పేలుడు జరిగి యాభైమందికి పైగా చనిపోయారు. పొట్ట చేతపట్టుకుని బీహార్, ఒడిశా, యూపీల నించి వచ్చినవాళ్ళు వాళ్ళలో ఎందరో. అక్కడ తయారయ్యేది మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్. మనం మింగే మాత్రల్లో కలిపే పొడి, విషం కాదు. విషం కాని పొడి కూడా సన్నగా గాల్లో లేచిందంటే మంటకి మేతే. జాబితాలో పేరుందా లేదా అని చూస్తే సరిపోదు, రోజూ వెళ్ళి చూసే మనిషి కావాలి.

ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తా. చెప్పకుండా దాటెయ్యొచ్చు గానీ, బాబాయి గేటు పాసు సంగతి బయటపెట్టి నాది దాచుకుంటే ధర్మం కాదు.

2022 ఏప్రిల్లో ప్రభుత్వం జీవో 69 తెచ్చి జీవో 111 ఆంక్షల్ని తీసేస్తున్నామంది. 2023 మేలో దాన్ని పూర్తిగా రద్దు చెయ్యాలని కేబినెట్ నిర్ణయించింది. ఆ 84 గ్రామాల రైతులు చాలామంది సంతోషించారు. వాళ్ళనేం అనలేం. పక్కూళ్ళో ఎకరం కోట్లు పలుకుతుంటే, నగరం నీళ్ళకోసం పాతికేళ్ళు తమ భూమిని కట్టేసుకుని కూర్చున్నారు, అందుకు మనమెవ్వరం వాళ్ళకి పైసా ఇవ్వలేదు. ముందొచ్చిన నియమానికీ ధర ఉంటుంది, దాన్ని ఎవరో ఒకరు కడతారు. ఇక్కడ కట్టింది వాళ్ళు.

ఆ వార్త వచ్చిన వారం నేనేం చేశానో తెలుసా? ఆఫీసులో నలుగురం కారేసుకుని మొయినాబాద్ వైపు ప్లాట్లు చూడ్డానికెళ్ళాం. గట్టు మీద నిలబడి నీళ్ళు చూస్తూ, "ఇక్కడ ఇల్లు కడితే పాపకి మంచి గాలి" అనుకున్నా. ఆ గాలి మంచిగా ఎందుకుందో ఆలోచించలేదు. నాలాంటి వాణ్ణి రానివ్వని నియమం వల్లే కదా అది మంచిగా ఉంది! పెద్దషాపూర్ కంపెనీ అడిగినట్టే నేనూ మినహాయింపే అడుగుతున్నా. కాకపోతే నా దగ్గర నికెల్ లేదు, సెప్టిక్ ట్యాంకుంది.

అడ్వాన్సు ఇవ్వలేదు. మంచితనం వల్ల అని చెప్పను, రేటు కూడా ఎక్కువే చెప్పాడు. కానీ ఆ తీర్పు చదివాక మళ్ళీ అటు వెళ్ళబుద్ధి కాలేదు.

మొన్న రాత్రి మళ్ళీ వాసనొచ్చింది. ఈసారి తలుపు మూసి ఊరుకోకుండా టైమూ, తేదీ ఒక ఎక్సెల్ షీట్‌లో రాశా, కాలుష్య మండలికి ఫిర్యాదు పెట్టా. మా అపార్ట్‌మెంట్లో ఇంకో ఆరుగురు రాస్తున్నారు. ఏ ఫ్యాక్టరీదో మాకు తెలియదు. తెలుసుకోవడం మా పని కాదని, వాసన తనది కాదని చూపించుకోవాల్సింది వాళ్ళేనని పాతికేళ్ళ కిందటే తీర్పుంది కదా. ఫిర్యాదు కింద ఆ ముక్క కూడా చేర్చా. బాబాయికి చూపిస్తే కళ్ళజోడు పెట్టుకుని చదివి, "సంతకం పెట్టే చోటేది? నేనూ పెడతా" అన్నాడు.

మీ బాల్కనీలో సంగతేమిటి? మీరూ రాసి పెట్టుకోండి.